పసుపు గిన్నె ముందు ముడుచుకున్న కాళ్ళు

మొన్న వరలక్ష్మీ వ్రతం నాటి సాయంత్రం, పులివెందులలో మా అత్తగారింటి నడవలో పేరంటాళ్ళంతా చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మా అత్త పసుపు గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి ముందూ గొంతుక్కూర్చుని కాళ్ళకు పసుపు పూస్తూ, వరుస చివర కూర్చున్న మా పాప దగ్గరికి వచ్చింది. పదేళ్ళ పిల్ల, పట్టులంగా కట్టుకుని అంతవరకూ బాగానే నవ్వుతూ ఉన్నది, వాళ్ళ జేజి, అంటే మా అత్త, చెయ్యి చాపగానే రెండు కాళ్ళూ లంగా కిందికి లాక్కుని, "నేనే పూసుకుంటాలే జేజీ, నీకెందుకు శ్రమ" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బిడ్డకు ఎంత మర్యాద నేర్పినావమ్మా అని నా వైపు చూసి మెచ్చుకున్నారు కూడా. నాకు మాత్రం చేతిలోని తాంబూలాల పళ్ళెం ఉన్నట్టుండి బరువెక్కింది. ఆ మాట నేను పాపకు నేర్పలేదు. కానీ అది ఎవరి మాటో నాకు తెలుసు. పొల్లు పోకుండా అది మా అమ్మ మాట, ఆమె తర్వాత నా మాట. ఆ మర్యాద వెనక ఏం దాక్కుని ఉంటుందో తెలిసిన మనిషి ఆ నడవలో నేనొక్కదాన్నే.

నా ఈడు ఆడవాళ్ళకు ఈ పసుపు సంగతి చెప్పనక్కర్లేదు. పేరంటానికి వచ్చిన మనిషి పెద్దదైనా చిన్నదైనా, ఆ ఇంటి ఇల్లాలు ఆమె ముందు కింద కూర్చుని, పాదాన్ని చేతిలోకి తీసుకుని, మడమ నుంచి వేలి కొస దాకా తన చేత్తో పసుపు రాయాలి, అప్పుడే అమ్మవారికి పూసినట్టు. మిగతా రోజుల్లో లోకమంతా మన ముఖం చూసి మాట్లాడుతుంది, చీర చూస్తుంది, మెడలోకి చూస్తుంది. కాళ్ళను అంత దగ్గరగా, అంత తీరికగా చూసేది ఆ ఒక్క పూటే. అందరికీ అది మురిపెంగా ఉండే పూట. మా అమ్మకు మాత్రం శ్రావణమాసం వస్తోందంటే భయం.

మా చిన్నప్పుడు మేము జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. మా నాయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. నాలుగిళ్ళకు కలిపి ఒకటే వాకిలి, ఆ వాకిట్లో ఒక కొళాయి, కొళాయి పక్కన బట్టలుతికే బండ. నీళ్ళు తెల్లారకముందే వచ్చి చప్పున ఆగిపోయేవి కాబట్టి మా అమ్మ చీకటితోనే లేచి, పట్టాల్సిన నీళ్ళు పట్టి, ఆ తడిలోనే నిలబడి బట్టలుతికి, ఆ తడి కాళ్ళతోనే వంటింట్లోకి వెళ్ళేది. పెన్నలో చుక్క నీరు లేని నెలల్లో కూడా మా అమ్మ కాళ్ళు మాత్రం నీళ్ళలోనే ఉండేవి. వానలు మొదలయ్యేసరికి ఆమె వేళ్ళ సందులు నానిన మినప్పప్పులాగా తెల్లగా లేచి, చీలి, నడిస్తే మంట పుట్టేవి. దానికి ఆమెకు తెలిసిన మందు గోరింటాకు. నూరి వేళ్ళ సందుల్లో అదిమి పెట్టుకుని, మంట తగ్గేదాకా గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆ పచ్చి గోరింటాకు వాసన పడితే నాకు ఇప్పటికీ పండగ గుర్తు రాదు, మా అమ్మ మూసుకున్న కళ్ళు గుర్తొస్తాయి.

తర్వాత కుడి కాలి బొటనవేలి గోరు పచ్చబడింది. ఏడాదికి అది మందమై, పాత కొమ్ము దువ్వెన రంగుకు తిరిగి, కొస పొడిపొడిగా రాలడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పక్క వేలు, ఆ తర్వాత రెండో కాలు. మా నాయన మందుల అంగట్లో అడిగి ఒక ట్యూబు తెచ్చాడు. ఆ ట్యూబు ఏ జబ్బుకో మా వాకిట్లో ఎవరికీ తెలియదు గానీ, నాలుగిళ్ళ వాళ్ళమూ అన్నిటికీ దాన్నే వాడేవాళ్ళం. మా అమ్మ గోటికి, నా మెడ మీది తామరకు, ఇంటి ఓనరు గజ్జికి, పక్కింటి ముసలాయన ఆనెకాయకు అంతా అదే. తామర పోయింది, గజ్జి పోయింది, మా అమ్మ గోరు మాత్రం అట్లాగే ఉండిపోయింది. గోటికి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చుననే ఊహ ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ రాలేదు. జ్వరం వస్తే వెళ్ళేవాళ్ళం, కాన్పుకు వెళ్ళేవాళ్ళం. నొప్పి లేని గోటి కోసం ఎవరైనా ఆస్పత్రి వరండాలో కూర్చుంటారా?

నేను ఆరో తరగతిలో ఉండగా మా నాయన పై అధికారి ఇంట్లో పేరంటానికి పిలుపు వచ్చింది. మా అమ్మ తన దగ్గరున్న మంచి చీర కట్టుకుంది, నాకు రెండు జడలు వేసింది. అక్కడ పెద్ద హాలు, కొత్త చాపలు, వరుసగా కూర్చున్న ఆడవాళ్ళు. ఆ ఇంటావిడ నవ్వుకుంటూ పసుపు పూస్తూ వచ్చి, మా అమ్మ ముందు కూర్చుని, పాదం మీదికి చెయ్యి చాపి, అట్లాగే ఆగిపోయింది. ఎంతసేపో కాదు, రెప్పపాటు. తర్వాత గిన్నె తీసి మా అమ్మ చేతిలో పెట్టి, "నువ్వే పూసుకోమ్మా, నా చేతి గోరింట ఇంకా ఆరలేదు" అంది. ఆమె చేతులు ఎర్రగా పండి ఎప్పుడో ఆరిపోయి ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని కాళ్ళ వైపు వరుసంతా తిరిగింది. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, ఆమెది నోటికీ మనసుకీ అడ్డులేని రకం, "ఏమ్మే, గుమాస్తా నీ చేత మడి దున్నిస్తాండాడా ఏంది, గోళ్ళు గిట్టల మాదిరుండాయి?" అంది.

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వి, "అవునక్కా, ఎద్దుకు జబ్బు చేసింది, నన్ను కట్టినాడు" అంది. దానికి ఇంకా గట్టిగా నవ్వారు. మాటకు మాట ఇచ్చినందుకు మా అమ్మ మీద నాకు ఆ క్షణంలో గర్వం కలిగింది కూడా. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకోకుండా ముందు ముందు నడిచింది. నేను వెనక పరుగెత్తుతూ, చీర అంచు కింద పసుపు సగం పూసిన ఆ మడమలు గబగబా కదలడం చూశాను. వాకిట్లోకి రాగానే ఆమె తాంబూలం నా చేతికిచ్చి, కొళాయి బండ మీద కూర్చుని, కాళ్ళకున్న ఆ కాస్త పసుపూ కడిగేసుకుంది.

ఆ తర్వాత మా అమ్మ పేరంటాలు మానలేదు. మానితే మా నాయనకు మాట వస్తుంది. కానీ ఇల్లాలు గిన్నెతో తన ముందుకు రాకముందే చెయ్యి చాపి, "నేనే పూసుకుంటాలే అక్కా, మీకెందుకు శ్రమ" అని గిన్నె తీసుకోవడం అలవాటు చేసుకుంది. కాళ్ళు చీర కిందే ఉంచి, చెయ్యి లోపలికి పోనిచ్చి, ఎవరికీ కనబడకుండా పూసుకునేది. అది నాకు గొప్ప మర్యాదగా తోచింది. నిజంగానే అట్లా అనుకున్నాను. ఒకసారి నా స్నేహితురాలి ఇంట్లో నేను కూడా ముత్యాల్లాంటి గోళ్ళున్న నా కాళ్ళు వెనక్కి లాక్కుని అదే మాట అన్నాను. వాళ్ళమ్మ ముచ్చటపడి మా అమ్మతో చెప్పింది. మా అమ్మ నన్ను కాసేపు చూసి, ఏదో అనబోయి, పొయ్యి మీద అన్నం ఉడుకుతోందని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె ఆ రోజు ఏం అనబోయిందో అడగడానికి నాకు తర్వాత చాలా ఏళ్ళు దొరికాయి. అడగలేదు.

డిగ్రీకి ప్రొద్దుటూరు వచ్చి హాస్టల్లో చేరాను. ఆ స్నానాల గదుల్లో నేల ఎప్పుడూ తడిసే ఉండేది, వాకిలి దగ్గర ఎవరి చెప్పులు ఎవరివో తెలియని గుట్ట ఉండేది, తొందరలో ఏది దొరికితే అది తొడుక్కుని పరుగెత్తేవాళ్ళం. రెండో ఏడాది నా బొటనవేలి గోరు అంచున లేత పసుపు రంగు కనబడింది. చూసిన వెంటనే గుర్తుపట్టాను. నేను చదివింది వృక్షశాస్త్రం. బూజుల గురించి, శిలీంధ్రాల గురించి పాఠాలు విన్నాను, వాటి దారాల్లాంటి పోగులను పెన్సిల్‌తో చక్కగా గీసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అటువంటిదే ఒకటి నా గోటిలో ఇల్లు కట్టుకుంటోందని నాకు తెలుసు. తెలిసి నేను చేసిన పని, గోళ్ళరంగు కొనుక్కోవడం. స్నేహితురాళ్ళంతా పట్టీల చెప్పుల్లో వేళ్ళు కనబడేట్టు తిరుగుతూ ఉంటే, నేను ఎండాకాలంలో కూడా ముందు మూసిన చెప్పులు వేసుకున్నాను. నాకు పాదాలకు ఎండ పడదని చెప్పేదాన్ని. నమ్మారు.

పెళ్ళికి మెట్టెలు కొనడానికి ప్రొద్దుటూరు బజారులో వెండి అంగడికి వెళ్ళినప్పుడు ఇంకో అబద్ధం ఆడాల్సి వచ్చింది. అంగడాయన ముక్కాలిపీట వేసి, "కాలు ఇట్లా పెట్టుమ్మా, కొలత చూచ్చా" అన్నాడు. ఇంట్లోనే దారంతో కొలుచుకున్నామని చెప్పి, పళ్ళెంలో కంటికి నచ్చినవి తీసుకుని లేచాను. అవి వదులయ్యాయి. పీటల మీద మా ఆయన నా కాలు సన్నికల్లు మీద పెట్టించి తొడిగితే జారి కిందపడ్డాయి. పిల్ల చిక్కిపోయిందని మా వాళ్ళు, పెళ్ళికొడుక్కు చెయ్యి వణుకుతాందని వాళ్ళ వాళ్ళు, నవ్వులే నవ్వులు. నేను తల వంచుకుని నా గోళ్ళనే చూస్తున్నాను. వాటికి ముందు రోజు గోరింటాకు మూడు సార్లు పెట్టుకుని దాదాపు నల్లగా చేసుకున్నాను. మా ఆయన చూశాడో లేదో నేను ఈనాటికీ అడగలేదు, ఆయన చెప్పలేదు.

మెట్టెలు జారకుండా లోపలివైపు నూలు దారం చుట్టుకున్నాను. చాలామంది ఆడవాళ్ళు చేసే పనే. ఆ దారం స్నానంలో తడిసి, వంటింట్లో తడిసి, ఎప్పటికీ ఆరదు. ఆరని దారం కింద చర్మం మెత్తబడుతుంది, మెత్తబడితే ఒరుస్తుంది. మా అమ్మకు వానాకాలంలో ఒరిసిన వేళ్ళ సందులు నాకు పన్నెండు నెలలూ ఒరిశాయి. మెట్టెలు మార్చుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారు. మార్చాలంటే మళ్ళీ ఆ అంగట్లో ముక్కాలిపీట మీద కాలు పెట్టాలి.

మా అమ్మ నాలుగేళ్ళ కింద పోయింది. మా నాయన ఉండగానే పోయింది కాబట్టి వాకిట్లో ఆడవాళ్ళు ఆమెకు తలకు పోసి, ముఖానికీ కాళ్ళకూ నిండుగా పసుపు రాశారు. ఎవరి చెయ్యీ ఆగలేదు. ఆ గోళ్ళ మీద, ఆ వేళ్ళ సందుల్లో, మడమల పగుళ్ళలో ఎంత ఓపిగ్గా రాశారో. చెయ్యి చాపి గిన్నె అందుకోవడానికి ఆమె లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నడవలో పాప ఆ మాట అన్న క్షణంలో ఇదంతా నా కళ్ళ ముందు తిరిగింది. పళ్ళెం ఎవరి చేతిలోనో పెట్టి పాపను లోపలి గదిలోకి తీసుకుపోయాను. కాలు చూపించమన్నాను. ఏం లేదుమా అంది. ఏం లేకపోతే చూపించమన్నాను. మంచం మీద కాళ్ళు మడిచి కూర్చుని, లంగాను రెండు చేతులతో పాదాల చుట్టూ బిగించి పట్టుకుంది. వారం నుంచి ఇంట్లో కూడా మేజోళ్ళు తీయకుండా తిరుగుతోందని, బడికి వెళ్ళేటప్పుడు బూటు వేసుకోవడానికి అంతసేపు పడుతోందని, నేను చూసీ పట్టించుకోని సంగతులన్నీ అప్పుడు వరుసగా గుర్తుకొచ్చాయి. బతిమాలుతున్నాను, ఇంతలో మా అత్త పసుపు చేతులతోనే లోపలికి వచ్చింది.

"ఏందే నీ కాలు? ప్రొద్దుటూరు బంగారమా, బీరువాలో పెట్టి దాసేదానికి? చూపీ."

"వద్దు జేజీ."

"చూపీ అంటి. ఇంగ నేను పట్టినానంటే అరుపులు నడవలోకి ఇనపడతాయి."

పాప చూపించింది. కుడి బొటనవేలు చిన్న వంకాయ అంత ఉబ్బి నిగనిగలాడుతోంది, గోటి రెండు మూలలూ లోతుగా కత్తిరించి ఉన్నాయి, ఒక మూల కండ గోటి మీదికి పొంగి చీము పట్టింది, ఎరుపు వేలు దాటి పాదం మీదికి పాకింది. నుదురు ముట్టుకుంటే కాలుతోంది. ఈ నొప్పితో ఈ పిల్ల చాప మీద కూర్చుని అంతసేపు నవ్విందా అనిపించింది.

"ఓసి నీ పాసుగూలా, గోరుచుట్టు గదే ఇది! దీనికి ఇంత దాపరికమా?" అని మా అత్త వంటింట్లోకి వెళ్ళి నిమ్మకాయ తెచ్చింది. వేలికి తొడిగి కట్టు కడితే పొద్దునకు దిగిపోతాదని ఆమె నమ్మకం. నేను అడ్డం తిరిగి వద్దన్నాను. నా గొంతు ఎప్పుడూ లేనంత గట్టిగా వచ్చింది. ఆమె కోపగించుకోలేదు. పాప పక్కన కూర్చుని తన కాలు ఎత్తి మంచం పట్టె మీద పెట్టింది. ఏళ్ళ తరబడి చేలో తిరిగిన కాళ్ళు, ఎండిన చెరువు నేలలాంటి మడమలు.

"చూడు. ఈ పగుల్లో రూపాయి బిళ్ళ పెడితే పడకుండా నిలబడతాది. ఎవురికి దాసినా నేను? మీ తాతకు దాసినానా?"

పాప ఏడుస్తూ నవ్వింది. నేను మాత్రం నా కాళ్ళు మంచం కిందికి జరుపుకున్నాను. ఆ గదిలో ముగ్గురం ఆడవాళ్ళం ఉండగా కాళ్ళు దాచుకున్నది నేనొక్కదాన్నే అయ్యాను.

నిన్న పొద్దున మొదటి బస్సుకే మేముండే ప్రొద్దుటూరు వచ్చేశాం. బస్సు గతుకుల్లో పడినప్పుడల్లా పాప పెదవి కొరుక్కుంది, నేను దాని కాలు నా ఒళ్ళో పెట్టుకుని ఎరుపు ఇంకా పైకి పాకిందేమోనని చూస్తూ కూర్చున్నాను. మా ఆయన అంగడి తెరవకుండా బస్టాండుకు వచ్చి, పాప తమ్ముడు మా చిన్నోణ్ణి తన దగ్గర పెట్టుకుని, మమ్మల్ని చర్మ డాక్టరమ్మ దగ్గర దించాడు. ఆమె వేలు చూసి, నాతో మాట్లాడకుండా ముందు పాపతోనే మాట్లాడింది. మూలలు అంత లోతుగా ఎందుకు కత్తిరించుకున్నావు తల్లీ అని అడిగింది.

"మూలల్లో తెల్లగా వచ్చింది. అది పెద్దదైతే పచ్చగా అవుతాది. అందుకే తీసేసినా."

"ఆ తెలుపు అందరికీ ఉంటుందమ్మా. గోరు కండను వదిలి బయటికొచ్చే చోట అట్లాగే ఉంటుంది. నాకూ ఉంది, చూడు. పచ్చగా అవుతుందని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పల్యా."

నేను కుర్చీ అంచున కూర్చుని ఉన్నాను. ఎవరూ చెప్పలేదు, నిజమే. నేను స్నానాల గది తలుపు గడియ పెట్టుకుని గంటసేపు గోళ్ళతో యుద్ధం చేయడం ఎవరూ దానికి చెప్పలేదు. గోళ్ళరంగు పెచ్చులూడిన రోజున నా మీద ఆడుకునే చిన్నోణ్ణి కాళ్ళు ముట్టుకోవద్దని తోసేయడం, పాత పౌడరు డబ్బాలో గోళ్ళ కత్తెర దాచడం, ఏదీ చెప్పలేదు. నా జబ్బు పిల్లలకు అంటకూడదని నా తువ్వాలు వేరుగా, సబ్బు వేరుగా పెట్టుకుని ఎంత జాగ్రత్తపరురాలినో అనుకున్నాను. పాపకు నా గోరు అంటలేదు. దాని గోరు గాజులాగా శుభ్రంగా ఉండింది. ఆ శుభ్రమైన గోటిని నాలాగా అవుతుందన్న భయంతో చేజేతులా కోసుకుంది.

డాక్టరమ్మ చీటీ రాయబోతూ తలెత్తి నన్ను అడిగింది. "ఇంట్లో ఇంకెవరికైనా గోళ్ళు పచ్చబడటం, వేళ్ళ సందులు ఒరుసుకుపోవడం ఉందా అమ్మా?"

"లేదండి" అన్నాను.

అంత తొందరగా, అంత నిబ్బరంగా ఎట్లా వచ్చిందో ఆ మాట. పాప నా ముఖం చూసింది. తర్వాత ముందు మూసిన నా చెప్పుల వైపు చూసింది. తర్వాత గోడ మీది గోళ్ళ జబ్బుల బొమ్మ వైపు తల తిప్పుకుంది.

వేలికి మత్తు సూది వేసి, కండలోకి దిగిన గోటి ముక్క తీసి, చీము శుభ్రం చేసి కట్టు కట్టారు. సూది గుచ్చినప్పుడు పాప నా వేళ్ళు నలిగిపోయేంత గట్టిగా పట్టుకుంది గానీ అరవలేదు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే పాదమంతా చీము పట్టేదని, జ్వరం తగ్గకపోయినా ఎరుపు పైకి పాకినా వెంటనే తీసుకురమ్మని, ఇక మీద గోళ్ళను మూలలు తీయకుండా అడ్డంగా కత్తిరించాలని, బిగుతు బూట్లు వద్దని, కట్టు మార్చడానికి సోమవారం రమ్మని డాక్టరమ్మ చెప్పింది. అన్నిటికీ తలూపాను.

ఆటోలో పాప నా భుజం మీద తల వాల్చింది. మందుల మత్తుకు నిద్రపోతోందేమో అనుకున్నాను. బజారు దాటినాక, ఆటో అతనికి వినబడకుండా నా చెవి దగ్గర మెల్లగా, "అమ్మా, నేను చెప్పల్యా. చూసినావా?" అంది. దాని గొంతులో ఫిర్యాదు లేదు. నాకు పెద్ద ఉపకారం చేసినట్టు, నేను అప్పగించిన వస్తువును భద్రంగా తెచ్చిచ్చినట్టు, కాస్త గర్వంగానే అంది. కట్టు కట్టిన కాలు నా ఒళ్ళో ఉంటే దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నా జీవితంలో చాలా సార్లు సిగ్గుపడ్డాను, కాళ్ళ వల్లే ఎక్కువ పడ్డాను. నిన్న ఆటోలో పడ్డ సిగ్గుతో పోలిస్తే అవన్నీ ఏపాటివి?

పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. మా అమ్మ రోజులకూ ఇప్పటికీ ఎంత తేడానో ఆలోచిస్తూ ఉంటే దిగులుగా ఉంది. ఇప్పుడు ప్రొద్దుటూరులో పేరంటాలకు వెళితే కాళ్ళకు పసుపు పూసే ఇళ్ళు తక్కువ. చిన్న కవర్లో పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క పెట్టి చేతికిచ్చేస్తారు, అందరూ చెప్పులు వేసుకునే ముందు ఒక ఫోటో తీసుకుంటారు. ఎవరి పాదం ఎవరి చేతిలోకీ రాదు. నీళ్ళు ఇంట్లోకే వస్తాయి, ఉతికే మిషన్ ఉంది, చీకట్లో తడి బండ మీద నిలబడే పని లేదు. గోటికి డాక్టరమ్మ ఉంది, నెలల తరబడి వాడాల్సిన మందు ఉంది, వాడితే కొత్త గోరు వస్తుందని గోడ మీది బొమ్మ కిందే రాసి ఉంది. మా అమ్మకు ఇందులో ఒక్కటి కూడా లేదు. ఆమె దాచుకోవడం తప్ప ఏం చేయగలిగేది? అన్నీ ఉన్న నేను కూడా అదే చేశాను. అందరి కాళ్ళూ కనబడే ఆ పాత వరుసలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, మా అమ్మ పాదం చేతిలోకి తీసుకుని ఇదేమైందమ్మా అని నెమ్మదిగా అడిగి ఉంటే ఎట్లా ఉండేదో అని అనిపిస్తుంది. బహుశా ఆమె చెప్పేది. బహుశా నాకు కూడా చెప్పడం వచ్చేది.

ఈరోజు పొద్దున పాపకు జ్వరం దిగింది. ఎరుపు కూడా వెనక్కి తగ్గింది. పాలు తాగి ఇద్దరూ మంచం మీద కూర్చుని ఉన్నారు. నేను గోళ్ళరంగు తుడిచేసి, మెట్టెలు తీసి దారం కత్తిరించి పారేసి, వాళ్ళ ఎదురుగా నేల మీద కూర్చుని కాళ్ళు చాపాను. చిన్నోడు కిందికి దూకి, ముట్టుకోవచ్చా అని అడిగాడు. చేతులు కడుక్కుంటే ముట్టుకోవచ్చన్నాను. పాప మంచం మీది నుంచే నా గోళ్ళను ఒక్కొక్కటిగా చూసింది, చాలాసేపు చూసింది.

"ఇవి శానా ఏండ్ల నుంచి ఇట్లనే ఉండాయి. నేను సిగ్గుపడి ఎవురికీ చూపించల్యా. మా అమ్మ, మీ అవ్వ కూడా చూపించల్యా. నిన్న డాక్టరమ్మతో నేను చెప్పింది అబద్ధం, నా కోసం నువ్వు గమ్మునుండాల్సిన పనిల్యా. రేపు కట్టు మార్చేదానికి పోతాం గదా, నా కాళ్ళు కూడా చూపిచ్చుకుంటా. నువ్వు నా పక్కనే కూర్చో పాపా. ఆమె అడిగినప్పుడు నేను మళ్ళీ లేదంటానేమో, నాకు నమ్మకం ల్యా. అట్ల అంటే నువ్వు చెప్పెయ్."